ఏ గల్లీలో ఉంటే ఆ ఆయుష్షు: ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసిన డుబోయిస్

1896లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చింది. రాసింది డాక్టర్ కాదు. ప్రుడెన్షియల్ అనే పెద్ద జీవిత బీమా కంపెనీలో లెక్కలు చూసే ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే ఆయన. పేజీల కొద్దీ పట్టికలు పేర్చి చివరికి ఆయన తేల్చింది ఇదీ: అమెరికాలో నల్లవాళ్లు తెల్లవాళ్ల కంటే తొందరగా చనిపోతున్నారు, అందుకు కారణం వాళ్ల జాతే, లోపం వాళ్ల ఒంట్లోనే ఉంది, ఇలాగే సాగితే కొన్నాళ్లకు ఆ జాతి అంతరించిపోతుంది. ఇది ఒక మనిషి సొంత అభిప్రాయమని కొట్టిపారేయడానికి లేదు. ఆ కంపెనీ 1881లోనే నల్లవాళ్ల పాలసీలకు వేరే లెక్క పెట్టింది. ప్రీమియం అందరితో సమానంగా కట్టినా, మనిషి పోయాక ఇంటివాళ్లకు ఇచ్చే సొమ్ములో మూడో వంతు కోత. ఆ కోతకు హాఫ్‌మన్ పుస్తకం శాస్త్రం ముద్ర వేసింది.

అదే ఏడాది ఆగస్టులో 28 ఏళ్ల నల్లజాతి యువకుడు ఒకరు, పెళ్లయి మూడు నెలలే అయిన భార్యను వెంటబెట్టుకుని ఫిలడెల్ఫియా నగరంలో దిగారు. పేరు విలియం ఎడ్వర్డ్ బర్గార్డ్ డుబోయిస్. హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్న మొట్టమొదటి నల్లజాతి మనిషి ఆయనే. నగరంలో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఒక వార్డును పరిశీలించి నివేదిక రాయాలన్నది ఆయనకు అప్పగించిన పని. హాఫ్‌మన్ చెప్పింది నిజమా కాదా అన్న ప్రశ్నకు జవాబు ఆ వార్డు గల్లీల్లో దొరికింది. ఈ రోజు బీపీ, షుగర్, గుండె జబ్బుల గురించి మాట్లాడే డాక్టర్లు మనిషి ఎక్కడ ఉంటాడో కూడా అడుగుతున్నారంటే, ఆ దారి వేసిన తొలి వాళ్లలో డుబోయిస్ ఒకరు.

తల్లికి పక్షవాతం

డుబోయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. అమెరికాలో బానిసత్వం చట్టపరంగా ముగిసి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. తండ్రి ఆల్‌ఫ్రెడ్ కొడుకు పసితనంలోనే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి మేరీ సిల్వీనా నలుగురి ఇళ్లల్లో పని చేసుకుంటూ కొడుకును పెంచింది. పిల్లాడు ఇంకా బడిలో ఉండగానే ఆమెకు పక్షవాతం వచ్చి అవిటిదైపోయింది. అయినా పని మానలేదు. మానితే పొయ్యి వెలగదు. 1885లో, కొడుకు హైస్కూలు పూర్తిచేసిన కొద్ది నెలలకే, యాభై దాటిన వయసులో ఆమె కన్నుమూసింది.

పక్షవాతం ఎందుకొస్తుందో ఆ కాలపు పల్లె డాక్టర్లకు తెలిసింది తక్కువ. చేతికి పట్టీ కట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని ఇటలీ డాక్టర్ రివా రోచి కనిపెట్టిందే 1896లో. బీపీ అన్న మాట జనం నోట్లోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఊళ్లోని చర్చిలవాళ్లు చందాలు వేసి డుబోయిస్‌ను టెనెసీ రాష్ట్రంలోని ఫిస్క్ విశ్వవిద్యాలయానికి పంపారు. మసాచుసెట్స్‌లో నల్లవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. దక్షిణాదిలో జనం జనంగా ఉన్నారు, వాళ్లను అణచే చట్టాలూ అడుగడుగునా ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఆయన పల్లెల్లో చిన్న బడి నడిపి, మొన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్ల పిల్లలకు అక్షరాలు నేర్పారు. తరవాత హార్వర్డ్. అక్కణ్ణుంచి 1892లో బెర్లిన్. గుస్తావ్ ష్మోలర్ లాంటి గురువులు అక్కడ నేర్పిందేమిటంటే, సమాజం గురించి పెద్ద మాట చెప్పాలంటే ముందు వాస్తవాలు పోగుచేయాలి, సిద్ధాంతం తరవాత. ఈ ఒక్క పాఠం ఆయనకు జిందగీ అంతా పనికొచ్చింది. బెర్లిన్ నుంచి చేతికర్ర, చేతి తొడుగులు కూడా తెచ్చుకున్నారు. వాటిని చూసి ఆయనకు గర్వమెక్కువ అనుకున్నవాళ్లు చాలామంది. కొంత నిజమే కూడా.

2,500 ఇళ్లు, ఒక్క మనిషి

ఫిలడెల్ఫియా ఏడో వార్డు అంటే స్ప్రూస్ వీధికీ సౌత్ వీధికీ మధ్య, ఏడో వీధి నుంచి షూయిల్‌కిల్ నది దాకా సాగే సన్నటి పొడుగాటి ముక్క. దేశ ఉత్తరాదిలో నల్లవాళ్లు అత్యధికంగా ఉన్న నగరాల్లో ఫిలడెల్ఫియా ఒకటి, అందులో పాత బస్తీ ఈ వార్డు. నగరం పాడైపోతోందని బాధపడే పెద్దమనుషులు కొందరు, పాడు చేస్తున్నది ఈ వార్డువాళ్లేనని గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకానికి ఒక పండితుడి సంతకం కావాలి. అందుకే తనను పిలిచారని డుబోయిస్ తరవాత అనుకున్నారు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పిలిచింది గానీ పీట వేయలేదు. ఇచ్చింది అసిస్టెంట్ అన్న పేరు, ఏడాదికి 900 డాలర్ల జీతం. పాఠం చెప్పే అవకాశం లేదు, కూర్చోడానికి గది లేదు. హార్వర్డ్ డాక్టరేట్ ఉన్న తెల్లవాడికి అలాంటి కొలువు ఇచ్చి ఉండేవారు కాదు. భార్య నీనాతో కలిసి ఏడో వీధి, లొంబార్డ్ వీధి కలిసే చోట, ఒక హోటల్ పైన ఒంటి గదిలో కాపురం పెట్టారు. వార్డు మొత్తంలో అధ్వానమైన మూల అదే. ఏడాది పాటు ఆ గదిలోనే ఉన్నారు.

రోజూ కాగితాలు పట్టుకుని గల్లీ గల్లీ తిరగడం, తలుపు తట్టడం, కూర్చుని అడగడం. ఇంట్లో ఎంతమంది, ఎవరేం పని చేస్తారు, కిరాయి ఎంత, గదులెన్ని, నీళ్లెక్కడ, దొడ్డి ఉందా, పోయిన ఏడాది ఎవరికైనా రోగం వచ్చిందా, వస్తే ఏ డాక్టర్ దగ్గరికి పోయారు. మనుషులకో ఫారం, ఇంటికో ఫారం, వీధికో ఫారం. సుమారు 2,500 ఇళ్లు ఆయన ఒక్కరే తిరిగారు. లెక్కలోకి వచ్చిన జనం 9,675 మంది. సహాయకుల్ని పెట్టుకోలేదు. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల గురించి మాత్రం ఇసబెల్ ఈటన్ అనే ఆమె వేరుగా రాసిన భాగం పుస్తకంలో చివర చేర్చారు.

అందరూ నవ్వుతూ తలుపు తీయలేదు. తమ జీవితాల మీద ఇదేం పరీక్ష, మేమేమన్నా జంతు ప్రదర్శనశాలలో ఉన్నామా అన్నట్టు చూసినవాళ్లు ఉన్నారు. సూటు వేసుకున్న ఆ కుర్రాడికీ వాళ్లకూ మధ్య రంగు ఒక్కటే గానీ, పుట్టుక, చదువు, మాట తీరు అన్నీ వేరు. తనవాళ్ల గురించి తనకెంత తక్కువ తెలుసో ఆ గుమ్మాల ముందే అర్థమైందని ఆయన తరవాతి రోజుల్లో ఒప్పుకున్నారు.

వార్డు మ్యాపు తీసుకుని ఇంటింటికీ రంగులు వేశారు. నాలుగు రంగులు, నాలుగు తరగతులు. కలిగినవాళ్లు, కష్టపడి నిలదొక్కుకున్న కూలివాళ్లు, పేదలు, నేరాల్లో పడ్డవాళ్లు. లండన్‌లో చార్లెస్ బూత్ చేసిన పద్ధతే. నల్లవాళ్లంటే అంతా ఒక్కటే ముద్ద అనుకునే నగరానికి, ఒకే వార్డులో ఇన్ని రకాల జీవితాలు ఉన్నాయని ఆ మ్యాపు చూపింది.

48 ఎక్కడ, 22 ఎక్కడ

1899లో పుస్తకం అచ్చయింది, పేరు ది ఫిలడెల్ఫియా నీగ్రో. అందులో ఆరోగ్యం మీద ఒక అధ్యాయం ఉంది. హాఫ్‌మన్‌కు అసలు జవాబు అక్కడుంది.

నగరంలో నల్లవాళ్ల మరణాల రేటు తెల్లవాళ్ల కంటే ఎక్కువేనని డుబోయిస్ మొదటే ఒప్పుకున్నారు. దాచలేదు. కానీ అక్కడితో ఆగకుండా, ఆ రేటును వార్డుల వారీగా విడదీశారు. అయిదో వార్డు నల్లవాళ్లు ఉండే వాటిలో అన్నిటికంటే మురికివాడ. మురుగు పోయే దారి సరిగ్గా లేదు. అక్కడ వెయ్యి మందికి 48 మందికి పైగా చనిపోతున్నారు. ముప్పయ్యో వార్డులో ఇళ్లు బాగుంటాయి, వీధులు శుభ్రం. అక్కడ అదే నల్లజాతివాళ్లలో వెయ్యికి 22 కూడా లేదు. ఒకే నగరం, ఒకే జాతి, సగానికి సగం తేడా. చావుకు కారణం జాతే అయితే ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు పోగానే జాతి మారదు కదా.

ఇంకో లెక్క. ఏడో వార్డులో చూసిన 2,441 కుటుంబాల్లో స్నానాల గది, మరుగుదొడ్డి వాడుకునే వీలున్నవి 334 మాత్రమే. నూటికి 14 కూడా లేవు. ఆ ఉన్న వాటిలోనూ కొన్ని పేరుకే. మరి కిరాయి తక్కువా అంటే అదీ కాదు. నల్లవాళ్లు తెల్లవాళ్ల కంటే నాసిరకం ఇంటికి ఎక్కువ కిరాయి కట్టేవారు. కారణం చిన్నదే. వేరే వాడల్లో వాళ్లకు ఇల్లివ్వరు. పైగా వాళ్లు వంట చేసే, బట్టలుతికే, వడ్డించే సంపన్నుల ఇళ్లు నగరం నడిబొడ్డున ఉన్నాయి, పనికి దగ్గర్లో ఉండక తప్పదు. యజమానికి ఆ సంగతి తెలుసు. కిరాయి కట్టలేక ఒక గది ఇంకొకరికి అద్దెకిస్తారు, ఇల్లు కిక్కిరిసిపోతుంది, గాలి ఆడదు. క్షయ అక్కడ తిష్ట వేస్తుంది.

ఆ కాలంలో ప్రాణాలు ఎక్కువ తీసింది క్షయ, న్యుమోనియా, పసిపిల్లల జబ్బులు. గుండె జబ్బులు కూడా ఆ మరణాల పట్టికల్లో ఉన్నాయి గానీ, అప్పట్లో వాటి మీద ఎవరి చూపూ పెద్దగా పడలేదు. పుండు మీద కారంలా దవాఖానాల తీరు. నల్ల డాక్టర్లకు, నర్సులకు నగర దవాఖానాల్లో చోటుండేది కాదు. పెన్సిల్వేనియా వైద్య కళాశాలలో చదివి నెగ్గిన మొదటి నల్లజాతి డాక్టర్ నేథన్ మోసెల్, 1895లో ఇదే ఏడో వార్డులోని లొంబార్డ్ వీధిలో ఫ్రెడరిక్ డగ్లస్ పేరు మీద సొంతంగా ఒక దవాఖానా తెరిచారు. రోగులకూ, పని నేర్చుకునే నర్సులకూ అది దిక్కయింది.

హాఫ్‌మన్ పుస్తకం మీద డుబోయిస్ 1897లోనే ఒక పత్రికలో సమీక్ష రాశారు. జర్మన్‌లో పుట్టిన లెక్కల మనిషికి యూరప్ లెక్కలతోనే జవాబు చెప్పారు. నేపుల్స్, బుడాపెస్ట్, మాడ్రిడ్, బెల్ఫాస్ట్ నగరాల్లో మరణాల రేటు కొన్నేళ్లు అమెరికా నగరాల నల్లవాళ్ల రేటుకు సమానంగా, ఒక్కోసారి మించి ఉంది. మరి ఇటలీవాళ్లు, స్పెయిన్‌వాళ్లు జాతి లోపం వల్ల అంతరించిపోతున్నారని ఎవరూ అనడం లేదు. అక్కడ మురుగు కాలువలు బాగుచేయమంటారు. ఇక్కడ మాత్రం జాతిని తిడతారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ పుస్తకంలో డుబోయిస్ తన వాళ్ల మీదా తీర్పులు చెప్పారు. పొదుపు లేదనీ, కుటుంబాలు క్రమశిక్షణగా లేవనీ, ఇల్లు గాలి ఆడేలా పెట్టుకోరనీ గట్టిగానే మందలించారు. నేరస్తుల తరగతి అని ఒక రంగే కేటాయించారు. తాళం వేసిన తలుపుల గురించి రాస్తూనే, లోపలున్నవాడు బయటికి రావడం లేదని కోప్పడినట్టు ఉంటాయి ఆ పేజీలు. అప్పటి ఆయన వయసు, పెంపకం అందులో కనిపిస్తాయి. అయినా అంకెలు మాత్రం ఎక్కడా ఆ కోపానికి లొంగలేదు.

అట్లాంటాలో పోయిన బిడ్డ

పుస్తకం అచ్చయ్యేనాటికి డుబోయిస్ జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఉన్నారు. 1897 అక్టోబరులో కొడుకు పుట్టాడు. తన వంశం పేరే పెట్టుకున్నారు, బర్గార్డ్ అని. 1899 మే నెలలో ఆ బిడ్డకు గొంతువాపు జబ్బు, అంటే డిఫ్తీరియా వచ్చింది. అట్లాంటా రంగును బట్టి రెండుగా చీలిన ఊరు. నల్లవాళ్లకు డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. డిఫ్తీరియాకు సీరం మందు అప్పటికే ప్రపంచంలో వచ్చేసింది. బర్గార్డ్‌కు రెండేళ్లు నిండకుండానే మే 24న ప్రాణం పోయింది.

కొడుకును జార్జియా మట్టిలో పెట్టడానికి మనసొప్పక, రైల్లో గ్రేట్ బారింగ్టన్ తీసుకెళ్లి పాతిపెట్టారు. నీనా ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. భార్యాభర్తల మధ్య ఏదో తెగిపోయిందని జీవిత చరిత్రకారులు రాశారు. 1903లో వచ్చిన ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్‌లో బిడ్డ మరణం మీద ఒక అధ్యాయం ఉంది. అంకెల మనిషి అంకె ఒక్కటి కూడా లేకుండా రాసిన అధ్యాయం అది.

1906లో అట్లాంటా విశ్వవిద్యాలయం ఏటా జరిపే సదస్సుకు ఆయన ఆరోగ్యాన్నే విషయంగా తీసుకున్నారు. మానవ శాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ న్యూయార్క్ నుంచి వచ్చారు. పుర్రె కొలతలు, సైన్యం రికార్డులు, బీమా కంపెనీల లెక్కలు, దవాఖానాల జాబితాలు అన్నీ ఒకచోట చేర్చి నివేదిక వేశారు. దాని సారాంశం: ఎక్కువ మరణాలకు కారణం నివసించే పరిస్థితులు. క్షయ జాతి జబ్బు కాదు, సమాజం తెచ్చిపెట్టే జబ్బు. పరిశుభ్రత, చదువు, పనికి తగిన అవకాశం పెరిగితే మరణాలు తగ్గుతాయి. ఊరూరా ఆరోగ్య సంఘాలు పెట్టుకోవాలని కూడా అందులో పిలుపునిచ్చారు. ఆ సెప్టెంబరులోనే అట్లాంటాలో తెల్లవాళ్ల గుంపులు నల్లవాడల మీద పడ్డాయి. ఊరికి దూరంగా ఉన్న డుబోయిస్ పరుగున తిరిగొచ్చి, భార్యాబిడ్డల కాపలాకు గుమ్మం మెట్ల మీద తుపాకీ పట్టుకుని కూర్చున్నారు.

నిజాలు ముందుపెడితే జనం మనసు మారుతుందన్న బెర్లిన్ పాఠం మీద ఆయన నమ్మకం ఆ ఏళ్లలోనే సన్నగిల్లింది. పట్టికలు చదివి ఎవరూ మారలేదు. 1909లో ఎన్‌ఏఏసీపీ అనే హక్కుల సంఘం పెట్టినవాళ్లలో ఒకరయ్యారు. 1910లో ప్రొఫెసర్ ఉద్యోగం వదిలి న్యూయార్క్ వెళ్లి, ఆ సంఘం పత్రిక ది క్రైసిస్‌కు సంపాదకుడిగా 1934 దాకా కలం పట్టారు.

ఎర్ర గీత

1930లలో అమెరికా ప్రభుత్వం కూడా నగరాల మ్యాపులకు రంగులు వేయించింది. ఇంటి అప్పుల్లో మునిగినవాళ్లను ఆదుకోవడానికి 1933లో పెట్టిన సంస్థ, ఏ వాడలో అప్పు ఇస్తే సురక్షితమో తేల్చడానికి వాడలకు గ్రేడులు ఇచ్చింది. ఆకుపచ్చ అంటే మేలైనది, తరవాత నీలం, పసుపు, అట్టడుగున ఎరుపు. నల్లవాళ్లు ఉండే వాడలు దాదాపు అన్నిచోట్లా ఎరుపులో పడ్డాయి. ఫిలడెల్ఫియాకూ అలాంటి మ్యాపు ఉంది. డుబోయిస్ రంగులు వేసింది జనాన్ని తెలుసుకోవడానికి. ఈ రంగులు వేసింది వాళ్లను దూరం పెట్టడానికి. ఎర్రవాడల్లో ఇల్లు కొనడానికి, బాగు చేసుకోవడానికి అప్పు పుట్టేది కాదు. ఇళ్లు పాడయ్యాయి, మంచి అంగళ్లు వెళ్లిపోయాయి, చెట్లు నాటే దిక్కు లేదు, పెద్ద రోడ్లు, ఫ్యాక్టరీలు మాత్రం పక్కకొచ్చాయి. ఇల్లు అమ్మకాల్లో, కిరాయిల్లో జాతి వివక్ష చట్టరీత్యా నేరమైంది 1968లో.

క్షయ తగ్గిపోయాక ఆ వాడల్లో దాని జాగాలోకి బీపీ, షుగర్, గుండెపోటు వచ్చాయి. ఒకప్పుడు ఎర్ర గీత పడ్డ వాడల్లో ఈ రోజుకీ ఈ జబ్బులు ఎక్కువగా ఉన్నాయని అమెరికా పరిశోధకులు నగరం తరవాత నగరంలో చూపించారు. వాడ గుండెలోకి ఎలా దూరుతుంది? దారులు చాలా ఉన్నాయి. తాజా కూరగాయలు దొరికే అంగడి రెండు బస్సులు మారితే గానీ రాదు, నూనెలో వేయించిందీ తీపి సోడా మూల మీదే దొరుకుతాయి. నడవడానికి కాలిబాట లేదు, ఉన్నా చీకటి పడితే భయం. రోడ్డు పొగలోని సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి చేరి రక్తనాళాల గోడల్ని వాచేలా చేస్తుంది. రాత్రంతా చప్పుడు, సరిగ్గా నిద్ర లేదు. కిరాయి ఫికర్, పోలీసుల ఫికర్, పిల్లాడు ఇంటికి క్షేమంగా వస్తాడా అన్న ఫికర్. ఎడతెగని ఆందోళనలో ఒళ్లు కార్టిసాల్ లాంటి హార్మోన్లను వదులుతూనే ఉంటుంది. దాంతో రక్తపోటు పెరుగుతుంది, నడుం చుట్టూ కొవ్వు చేరుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. ఇవన్నీ ఏళ్ల తరబడి కలిస్తే గుండెకు ముప్పు.

హాఫ్‌మన్ వారసులు ఇప్పటికీ ఉన్నారు. జబ్బు వాడ వల్ల కాదు, ఆరోగ్యం మీద శ్రద్ధ లేనివాళ్లే ఆ వాడల్లో ఉంటారు అనేది వాళ్ల వాదన. దీన్ని తేల్చడానికి లాటరీ లాంటి ప్రయోగం ఒకటి జరిగింది. 1994 నుంచి 1998 దాకా బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో నిరుపేద వాడల ప్రభుత్వ ఇళ్లల్లో ఉండే 4,498 మంది తల్లులను చీటీ వేసి విడదీశారు. కొందరికి పేదరికం తక్కువున్న వాడకు మారడానికి కిరాయి సాయం దొరికింది, కొందరికి దొరకలేదు. ఎవరికి దొరకాలో వాళ్ల అలవాట్లు నిర్ణయించలేదు, చీటీ నిర్ణయించింది. పది పదిహేనేళ్ల తరవాత అందరి బరువు, రక్తం పరీక్షించారు. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. మంచి వాడకు మారే అవకాశం వచ్చినవాళ్లలో మితిమీరిన ఊబకాయం, షుగర్ రెండూ స్పష్టంగా తక్కువ. ఎవరికీ మందివ్వలేదు, డైట్ చెప్పలేదు. అడ్రసు మారింది, అంతే. డుబోయిస్ అయిదో వార్డునూ ముప్పయ్యో వార్డునూ పక్కపక్కన పెట్టి చూపిన దానికి నూరేళ్లు దాటాక దొరికిన గట్టి సాక్ష్యం ఇది.

అంబేడ్కర్ ఉత్తరం

డుబోయిస్ చూపు అమెరికా దగ్గరే ఆగలేదు. లాలా లజపతిరాయ్ అమెరికాలో ఉన్న రోజుల్లో ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1928లో రాసిన డార్క్ ప్రిన్సెస్ అనే నవలలో నాయిక భారతదేశపు రాజకుమారి. ఆ నవల రాతప్రతిని లజపతిరాయ్‌కు పంపి సలహా అడిగారు. 1946లో డాక్టర్ అంబేడ్కర్ ఆయనకు ఉత్తరం రాశారు. నల్లవాళ్ల తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన అర్జీ గురించి విన్నాననీ, దాని ప్రతి కావాలనీ, అంటరానివాళ్ల తరఫున అలాంటిదే చేసే ఆలోచన ఉందనీ దాని సారాంశం. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. ఊరికి ఇవతల వెలివాడ, నగరంలో నల్లవాడ. రెండిటి సంగతీ తెలిసిన ఇద్దరు మనుషులు వాళ్లు.

చివరి రోజులు ప్రభుత్వంతో గొడవలోనే గడిచాయి. నీనా 1950లో చనిపోయారు. శాంతి ఉద్యమంలో తిరిగినందుకు 1951లో, 83 ఏళ్ల వయసులో, విదేశీ ఏజెంటని కేసు పెట్టి చేతులకు బేడీలు వేశారు. కోర్టులో నిలబడలేదు. అయినా పాస్‌పోర్టు మాత్రం 1958 దాకా చేతికివ్వలేదు. సోవియట్ రష్యాను, స్టాలిన్‌ను ఆయన మెచ్చుకున్న తీరు అభిమానులకు కూడా మింగుడుపడదు. ఇంటింటికీ వెళ్లి అడిగితే గానీ ఏదీ నమ్మని మనిషి, ఆ దేశం విషయంలో చూపించినంత వరకే చూశారు.

1961 మార్చిలో కూతురు యోలాండ్ బాల్టిమోర్‌లో గుండెపోటుతో చనిపోయింది. బడిపంతులమ్మగా పనిచేసేది, వయసు 60. తల్లికి పక్షవాతం, కొడుకుకు డిఫ్తీరియా, కూతురికి గుండెపోటు. తాను మాత్రం తొంభై దాటినా గుండ్రాయిలా ఉన్నారు. యోలాండ్‌ను కూడా గ్రేట్ బారింగ్టన్‌లోనే, తల్లికీ, తాను ఎన్నడూ చూడని అన్నకూ దగ్గరగా పాతిపెట్టారు.

అదే ఏడాది అక్టోబరులో, కొత్తగా స్వతంత్రమైన ఘనా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా పిలుపు మీద రెండో భార్య షర్లీ గ్రాహంతో కలిసి అక్రా నగరానికి వెళ్లిపోయారు. ఆఫ్రికా విజ్ఞాన సర్వస్వం పని మొదలుపెట్టారు. 1963లో ఘనా పౌరుడయ్యారు. ఆ ఏడాది ఆగస్టు 27న, 95 ఏళ్ల వయసులో అక్రాలోనే కన్నుమూశారు. మర్నాడు వాషింగ్టన్‌లో రెండు లక్షల మందికి పైగా జనం ఉద్యోగాలు, హక్కుల కోసం ర్యాలీకి చేరారు. మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన ర్యాలీ అదే. వేదిక మీద నుంచి రాయ్ విల్కిన్స్ డుబోయిస్ మరణవార్త చెప్పినప్పుడు ఆ జనం మౌనంగా నిలబడ్డారు.

ఏడో వార్డు ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఖరీదైన ఇలాకా. లొంబార్డ్ వీధి ఇళ్లు మామూలు కూలివాడు కలలో కూడా కొనలేడు. అక్కడ జనం ఆరోగ్యం బాగుపడింది, కానీ ఆ జనం వేరు. పాత కుటుంబాల్లో చాలావరకు ఎప్పుడో ఉత్తరానికి, పడమరకు తరలిపోయాయి. ఆ నగరంలోనే కొద్ది మైళ్ల దూరంలో ఉన్న రెండు పిన్‌కోడ్‌ల మధ్య సగటు ఆయుష్షులో 20 ఏళ్ల దాకా తేడా ఉందని 2016లో వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయం మ్యాపు గీసి చూపింది.